కాంతం నిద్ర

పోయిన వారం గంగరాజును మనం కొల్లేటి నడుమ, దోనె మీద నిలబడి ఉండగా వదిలిపెట్టాం. చలిజ్వరానికి మందుగా మొదలుపెట్టిన నల్లమందు అతన్ని ఎలా మింగిందో, ఒకప్పుడు తనూ నల్లమందు తిని మానేసిన ఏలూరు తివాచీ పనివాడు అబ్దుల్ జబ్బారు అతన్ని చెయ్యి పట్టుకుని డాక్టరు జోగారావుగారి దగ్గరికి ఎలా తీసుకుపోయాడో పాఠకులు చదివే ఉన్నారు. చివరికి లంకలో వాళ్ళంతా చూస్తుండగా గంగరాజు నల్లమందు డబ్బాను తన చేత్తోనే నీళ్ళలోకి విసిరేశాడు. డబ్బా మునిగింది. చుట్టూ దోనెల్లో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. పీడ వదిలిందనుకున్నారు.

వదల్లేదన్న సంగతి గంగరాజుకు మర్నాటి పొద్దున్నే తెలిసింది. ఆ మర్నాడూ తెలిసింది. కానీ ఎప్పుడు, ఏం చూస్తే తనకు మళ్ళీ తినబుద్ధి వేస్తోందో ఆ సంగతి మాత్రం అతను ఎవరికీ చెప్పలేదు. చెబితే మనిషి తలెత్తుకుని తిరగలేడనుకున్నాడు.

ఆ గురువారం డాక్టరుగారి వైద్యానికి గంగరాజు ఒక్కడే రాలేదు. భార్య పెద్దింటమ్మ కూడా బయలుదేరింది. “ఆ కబుర్ల వైద్యం ఏంటో నేనూ చూస్తాను మావా. మందూ మాకూ ఇవ్వకుండా ఊరికే మాటాడి పంపే డాక్టరుగారిని నేనెక్కడా చూడలేదు,” అంది. బిడ్డ కాంతాన్ని భుజాన వేసుకుంది. దోనె మీద ఒడ్డుకూ, ఒడ్డు నుంచి ఒంటెద్దు బండి మీద ఏలూరుకూ వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. బండి గోతుల్లో పడి ఎంత ఎగిరినా బిడ్డ మేలుకోలేదు.

వైద్యం జరిగేది డాక్టరుగారి ఆసుపత్రిలో కాదు, తంగెళ్ళమూడిలో జబ్బారు మగ్గం సావిట్లో. మొదట్లో ఆసుపత్రిలోనే బల్లకు అటూ ఇటూ కూర్చుని మాట్లాడేవారు. అక్కడ గంగరాజు “చిత్తమండి” అన్న మాట తప్ప ఇంకోటి ఎరగడు. ఒకరోజు జబ్బారు ఇంట్లో నూలు ఉండ చుడుతూ గంగరాజే, ఎవరూ అడక్కుండానే తన జ్వరం సంగతంతా చెప్పుకొచ్చాడు. అది విని డాక్టరుగారు బల్లనే వదిలేశారు. అప్పటినుంచి జబ్బారు మగ్గం మీద ముడులు వేస్తుంటే, గంగరాజు నూలు చుడుతుంటే, డాక్టరుగారు ఒక పీట లాక్కుని చిక్కుపడ్డ పోగులు విడదీస్తూ కూర్చుంటారు. ఆయన విడదీసిన వాటికంటే చిక్కు పెట్టినవే ఎక్కువని జబ్బారు ఫిర్యాదు.

“ఏవండీ డాక్టరుగారూ, ఈ ఎర్రనూలు మీకేం అపకారం చేసిందండీ?” అన్నాడు జబ్బారు ఆ రోజు కూడా. “తమరు రోగుల్ని చూసుకోండి, నూలు నేను చూసుకుంటాను.”

“రోగులు నా మాట వినరు సాయిబుగారూ. నూలైనా వింటుందేమోనని,” అన్నారు జోగారావుగారు నవ్వి. తర్వాత గంగరాజు వైపు తిరిగారు. “ఊఁ, చెప్పు. ఈ వారం ఎప్పుడెప్పుడు తినాలనిపించింది?”

ఆయన అడిగే ప్రశ్న ఎప్పుడూ అదే. ఎందుకు తిన్నావని అడగరు. ఎప్పుడు తినాలనిపించిందని అడుగుతారు. అక్కడ ఎవరున్నారు, ఏం పని చేస్తున్నావు, ఎండా నీడా, ఆకలా కడుపు నిండుగా ఉందా అని అడుగుతారు. చేప ఏ వేళ ఏ కిక్కిస గడ్డి పొదలోకి వస్తుందో అడిగి తెలుసుకునేవాడిలా అడుగుతారు. ఆ అడగటంలో తప్పుపట్టడం ఉండదు. అందుకే గంగరాజుకు ఆ మనిషి దగ్గర అబద్ధం చెప్పడం రోజురోజుకీ కష్టమవుతోంది.

చేతిలో ఉండ ఆగింది.

“పెద్దింటీ, నువ్వు కాసేపు అవతలికి వెళ్ళు,” అన్నాడు.

“ఎందుకెళ్ళాలి? వినడానికే వచ్చాను,” అంది ఆవిడ గుమ్మంలోంచి.

“ఉండనీ గంగరాజూ,” అన్నారు డాక్టరుగారు. “చెప్పలేకపోతే ఇంకో వారం చెప్పు.”

ఇంకో వారం అనేసరికి గంగరాజు గుండె బరువెక్కింది. ఇంకో వారం ఇది మొయ్యాలా? తల వంచుకుని, నూలుతో మాట్లాడుతున్నట్టు చెప్పేశాడు.

“పొద్దున్నేనండి. అది బిడ్డకు పాలిస్తుంటే.”

జబ్బారు చేతిలో ముడి చేతిలోనే ఉండిపోయింది.

“కన్నబిడ్డ పాలు తాగుతుంటే తండ్రన్నవాడికి ఏం గుర్తు రావాలండి? నాకు ఆ మందు గుర్తొస్తోంది. నోట్లో నీళ్ళూరతాయి. ఒళ్ళంతా లాగేస్తుంది. లేచి బయటికి పోతున్నాను. నేనేం మనిషినండి?”

పెద్దింటమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. “ఛీ, ఏం మాటలు మావా,” అంది మెల్లిగా.

“నాకు వానపడితే గుర్తొచ్చేది,” అన్నాడు జబ్బారు, సావిట్లో బరువు దించడానికి. “అదేం సంబంధమో నాకిప్పటికీ తెలీదు. మా ఆవిడ జులేఖా, ‘మీకు మబ్బు పట్టిందంటే నాకు దడ’ అనేది. వానకీ నల్లమందుకీ ఏం చుట్టరికం? పాలకీ అంతేలే.”

డాక్టరుగారు నవ్వలేదు. జాలి కూడా పడలేదు. పోగులు పక్కన పెట్టి ముందుకు వంగారు. ఆయన కళ్ళల్లో మెరుపు చూసి గంగరాజు ఆశ్చర్యపోయాడు. ఇంత నీచమైన సంగతి చెబితే ఈయన వింతవస్తువేదో దొరికినట్టు చూస్తాడేమిటి?

“సాయంత్రం పాలిచ్చేటప్పుడో?”

“అప్పుడేం ఉండదండి.”

“రాత్రి?”

“రాత్రీ ఉండదండి. పక్కనే పడుకుంటాను కదా. ఏమీ అనిపించదు.”

“పొద్దున్న ఒక్కసారే. అప్పుడు నువ్వెక్కడ కూర్చుంటావు?”

“పక్కనేనండి. వల బాగుచేసుకుంటూ. తమరు నన్ను ఇంకా వేటకు దోనెలెక్కవద్దన్నారు కదండి, అక్కడందరి మొలలోనూ డబ్బాలుంటాయని. పెద్దింటి కొల్లేట్లోకి వెళుతుంది, నేను ఇంటి దగ్గరుంటాను.”

“ఆమె కొల్లేట్లోకి వెళ్ళని రోజు కూడా పొద్దున్నే అలా అనిపిస్తుందా?”

గంగరాజు ఆలోచించాడు. మొన్న గాలివాన వచ్చిన రోజు పెద్దింటమ్మ వెళ్ళలేదు. ఆ రోజు బిడ్డ చాలాసేపు పాలు తాగింది. తను పక్కనే కూర్చున్నాడు. వల కన్నాలు చూసుకుంటూ కూనిరాగం కూడా తీశాడు.

“లేదండి,” అన్నాడు నెమ్మదిగా. “ఆ రోజు ఏమీ లేదండి.” అంటూనే అతనికీ వింతగా తోచింది. పాలు అవే. బిడ్డ అదే. మరి ఆ రోజు ఎందుకు లేదు?

సరిగ్గా అప్పుడే జబ్బారు వేసిన ముడుల వరుసను బిగించడానికి ఇనుప దువ్వెన ఎత్తి దబదబా బాదాడు. మగ్గం అదిరింది. ఇంటి చూరులో పిచ్చుకలు లేచిపోయాయి. పెద్దింటమ్మ కూడా ఉలిక్కిపడింది. ఆమె భుజం మీద కాంతం మాత్రం పడుకున్నది పడుకున్నట్టే ఉంది.

డాక్టరుగారు అటు చూశారు.

“ఎన్నో నెలమ్మా బిడ్డకి?”

“తొమ్మిదోదండి.”

“పాకుతోందా?”

“లేదండి. బంగారుతల్లండి, ఎక్కడ పెడితే అక్కడే. దోనెలో పడుకోబెడితే నేను మావులన్నీ ఎత్తి వచ్చేదాకా కిక్కురుమనదు.” మావులంటే చేపలు పట్టడానికి వెదురుపుల్లలతో అల్లి నీళ్ళలో పెట్టే బుట్టలు. గంగరాజు నల్లమందులో పడ్డప్పటినుంచీ వాటిని ఎత్తేది పెద్దింటమ్మే.

“ఒక్కసారి ఇలా ఇస్తావా?”

ఆయన బిడ్డను తీసుకుని గుమ్మం పక్కన నీడపట్టున నిలబడ్డారు. చిటికె వేశారు. అరికాలు గీరారు. తర్వాత బొటనవేలితో కంటిరెప్ప మెల్లిగా ఎత్తారు. గంగరాజు లేచి ఆయన వెనక నిలబడి చూశాడు. నీడలో ఉన్నా ఆ కంటిపాప సూదిమొనంత ఉంది. అలాంటి కంటిపాపను అతను ఇదివరకు చూశాడు. మొదటిసారి ఈ సావిట్లోకి వచ్చినప్పుడు జబ్బారు అద్దం తెచ్చి, “నీ కళ్ళు నువ్వే చూసుకో,” అని చూపించాడు.

అతను భార్య వైపు తిరిగాడు.

“పెద్దింటీ, నీ చెయ్యి ఇలా తే.”

“ఎందుకూ?”

“తే అంటున్నాను.”

ఆమె కుడిచెయ్యి పట్టుకుని చూపుడువేలి కొసను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చేపల వాసన. ఆ కింద, గోటి సందులో, ఇంకో వాసన. చేదుగా, మట్టిగా, ప్రపంచంలో ఏ వాసనలోనైనా అతను విడదీసి పట్టుకోగలిగినది. ఒళ్ళంతా లాగింది.

“ఇదేనండి,” అన్నాడు. “పాలు కాదండి డాక్టరుగారూ. ఇదేనండి.”

ఆ క్షణాన అతనికి కోపం రావలసింది. ముందు వచ్చింది మాత్రం కోపం కాదు. తను బిడ్డ పాలను చూసి నోరూరించుకునే రాక్షసుడు కాడు. ముక్కుకు తెలిసింది, మనసుకు తెలియలేదు, అంతే. ఇన్నాళ్ళు గుండె మీద కూర్చున్న బండ కాస్త పక్కకు జరిగింది. కోపం ఆ వెనకే వచ్చింది.

“నా డబ్బా నీళ్ళల్లో పారేయించావు! ఊరందరి ముందూ! నీ కొంగున మాత్రం దాచుకున్నావా? బిడ్డకు నల్లమందు పెడుతున్నావా?”

“నల్లమందంటే నువ్వు తినేది!” పెద్దింటమ్మ ఒక్క ఉరుకున బిడ్డను లాక్కుంది. “ఇది పిల్లల మందు. మా అమ్మ నాకు పెట్టింది. మీ అమ్మ నీకు పెట్టలేదా? ఏ దోనెలో ఏ తల్లి పెట్టడం లేదు? వేలికొసకి రాసి నోట్లో పెడతాం, పడుకుంటుంది. దాన్నీ దీన్నీ ఒకటి చేస్తావేం?”

“రెండూ ఒకే దుకాణంలోవి కావూ?”

“అవనీ. కత్తితో చేపా కోస్తాం, పీకా కోస్తాం. అయితే?”

“అరే, నెమ్మది, నెమ్మది,” అన్నాడు జబ్బారు మగ్గం దిగి వస్తూ.

డాక్టరుగారు ఇద్దరి మధ్యకూ రాలేదు. మళ్ళీ పీట మీద కూర్చున్నారు. “అమ్మా, నిన్ను తప్పుపట్టడానికి అడగడం లేదు. తెలుసుకోవాలని అడుగుతున్నాను. దోనెలో బిడ్డ మేలుకుంటే ఏమవుతుంది?”

పెద్దింటమ్మ గొంతులో ఇందాకటి జోరు లేదు.

“మేలుకుంటే పాకుతుందండి. తాటిదోనె ఎంత వెడల్పండి? జానెడు గోడ. దీనికి ముందు పుట్టిన మా బుల్లోడు అలాగే పాకాడు. వాడికి నేను మందు పెట్టలేదండి, చేదుకు మొహం తిప్పేసుకున్నాడని ఊరుకున్నాను. మావు బరువుగా ఉంది. రెండు చేతులతో ఎత్తుతున్నాను. అటు తిరిగి ఇటు తిరిగేసరికి దోనె ఖాళీగా ఉందండి.” ఆమె కాంతాన్ని దగ్గరికి అదుముకుంది. “మెలకువగా ఉన్నవాడు నీళ్ళలోకి పోయాడు. నిద్రపోయేది నా దగ్గరుంది. నాకు తెలిసింది అంతేనండి.”

గంగరాజు నేలచూపులు చూశాడు. బుల్లోడు పోయాడని అతనికి తెలుసు. బిడ్డ పోయిన తల్లి ఏడవడమూ చూశాడు. కానీ ఆ పొద్దున మందు పెట్టలేదన్న మాట ఆమె ఇన్నేళ్ళలో అతనితో అనలేదు. అతను ఎప్పుడూ అడగలేదు కూడా. అడిగే స్థితిలో ఎప్పుడున్నాడు గనక?

జులేఖా లోపలి నుంచి వచ్చి పెద్దింటమ్మ చేతికి మంచినీళ్ళ చెంబు ఇచ్చి, పక్కన కూర్చుంది.

“ఇప్పుడు ఎంత పెడుతున్నావమ్మా?” అన్నారు డాక్టరుగారు కాసేపటికి.

“మొదట్లో ఆవగింజలో సగమండి. ఇప్పుడు గింజకి పైనే. చాలడం లేదండి.”

“చాలదు. మీ ఆయనకీ అలాగే చాలలేదు. ఇలా పెంచుకుంటూ పోతే ఒక రోజు నిద్రలో ఊపిరి తీయడం మరిచిపోతుంది. అలాగని రేపటినుంచి మానేస్తే ఆ చిన్న ఒళ్ళు తట్టుకోలేదు. మెల్లమెల్లగా తగ్గించాలి.” ఆయన ఆమె వైపు తిరిగారు. “బిడ్డను తీసుకుని ఇక్కడే ఉండిపోతావా? రోజూ నేను చూస్తాను.”

“ఉండమ్మా, ఇల్లు చాలదా?” అంది జులేఖా.

“మావులు నీళ్ళలో ఉన్నాయమ్మా. రెండు రోజులు ఎత్తకపోతే చేపలు లోపలే చచ్చి కుళ్ళుతాయి. మాకున్నది అదే కదా.”

“అయితే బిడ్డను దోనెలోకి తీసుకెళ్ళవద్దు. మందు తగ్గేకొద్దీ మెలకువగా ఉంటుంది. ఇంటి దగ్గర ఎవరో చూసుకోవాలి. మధ్యాహ్నం మందు పట్టాలి.”

“ఇంటి దగ్గర ఎవరున్నారండి?” అంది పెద్దింటమ్మ. అన్న తర్వాత ఆమెకే తెలిసింది. అందరి చూపులూ గంగరాజు మీదికి వెళ్ళాయి.

“వద్దండి!” అంది ఆమె.

“వద్దండి డాక్టరుగారూ,” అన్నాడు జబ్బారు కూడా. “తమరికి తెలీదు. అన్నేళ్ళు మానేసినవాణ్ణి, ఈ పూట నా చేతికిచ్చినా నా మీద నాకు నమ్మకం లేదు.”

డాక్టరుగారు గంగరాజునే అడిగారు. “నువ్వేమంటావు? నేను ఇచ్చేది బిడ్డ కోసం నీళ్ళు కలిపిన మందు. కానీ అబద్ధం చెప్పను, సీసా అంతా ఒక్కసారి తాగితే నీకూ పనిచేస్తుంది.”

“భయంగా ఉందండి.”

“ఎంత?”

“చాలా అండి. ఇవ్వవద్దనే అనాలని ఉందండి. కానీ...” అతను బిడ్డ మూసిన కళ్ళవైపు చూశాడు. “దానికి తగ్గేటప్పుడు ఎలా ఉంటుందో ఇక్కడ నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదండి. సాయిబుగారికి తప్ప.”

జోగారావుగారు తల ఊపారు. “నేను పరీక్ష పెట్టడం లేదు గంగరాజూ. తాగాలనిపిస్తే పైకి చెప్పు. వినడానికి ఎవరుంటే వాళ్ళకి చెప్పు. మనసులో ఉంచుకోకు. సోమవారం తాడేపల్లిగూడెం వెళ్ళవలసింది, మానుకుని మీ లంకకే వస్తాను.”

సాయంత్రానికి ఆసుపత్రి నుంచి సీసా వచ్చింది. దాని పక్కన కత్తెరతో గాట్లు పెట్టిన కాగితం అతికించి ఉంది. రోజుకు ఒక గాటు. పైన గాట్లు ఎడంగా ఉన్నాయి. కిందికి వచ్చేకొద్దీ దగ్గరదగ్గరగా జరిగాయి. పెద్దింటమ్మ సీసాను కొంగులో మూటగట్టుకుంది. బండిలోనూ దోనెలోనూ మొగుడి చేతికి ఇవ్వలేదు. ఇంటికి వచ్చాక ఉట్టి మీద పెట్టింది.

తెల్లవారింది. పెద్దింటమ్మ ఆ రోజు వేలికి ఏమీ రాసుకోలేదు. పాలిచ్చి, బిడ్డను గంగరాజు ఒళ్ళో పెట్టి, దోనె ఎక్కి గెడ వేసింది. కిక్కిస మలుపు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

పొద్దెక్కేకొద్దీ కాంతం మేలుకుంది. ముందు ఆవలించింది. మళ్ళీ ఆవలించింది. ముక్కు కారింది. తర్వాత ఏడుపు అందుకుంది. గంగరాజు ఎత్తుకున్నాడు, ఊపాడు, కొంగల్ని చూపించాడు. ఆ చిన్న చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. కడుపు పట్టేసినట్టు కాళ్ళు ముడుచుకుంటోంది. ఆ వణుకు అతనికి తెలుసు. ప్రతి ఆవలింతా తెలుసు. తన ఒంట్లో తను పడ్డదాన్ని ఇంత చిన్న ఒంట్లో చూడవలసి వస్తుందని అతను ఏనాడూ అనుకోలేదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. ఉట్టి మీంచి సీసా దించాడు. బిరడా తీశాడు. వాసన గుప్పున లేచింది. నోట్లో నీళ్ళూరాయి.

పైకి చెప్పమన్నారు. వినడానికి ఎవరున్నారు? కాంతం ఉంది.

“కాంతమ్మా,” అన్నాడు. “ఒలే కాంతమ్మా, మీ నాన్నకి ఇప్పుడు ఇది తాగాలని ఉంది. ఉందమ్మా. చాలా ఉంది. నీకేం తెలుసులే. నీకే తెలుసులే. ముందు నువ్వు తాగు. నువ్వు తాగాక బిరడా పెట్టేస్తాను. పెట్టేసి మళ్ళీ నీతోనే మాటాడతాను. సరేనా?”

మాట్లాడుతూనే చెంచాలో వంచాడు. ఒక్క చుక్క నేల మీద పడలేదు. కాంతం మొహం చిట్లించి మింగింది. కొంచెంసేపటికి ఏడుపు వెక్కిళ్ళయింది, వెక్కిళ్ళు ఊపిరి అయ్యాయి. నిద్రపోలేదు. కళ్ళు తెరిచి తండ్రి గడ్డం పట్టుకుంది. ఆ వేళ్ళు తనను అంత గట్టిగా పట్టుకోవడం అతనికి అదే మొదటిసారి. బిరడా బిగించాడు. బిగించానని ఆ బిడ్డకే రెండుసార్లు చెప్పాడు.

తన పని సరిగ్గా చేశానో లేదో చూసుకోవాలనిపించింది. సీసాను వాకిట్లో వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. మందు మొదటి గాటు దగ్గర ఉండాలి.

నాలుగో గాటు కింద ఉంది.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. బిరడా వదులుగా లేదు. సీసాకు పగులు లేదు. ఉట్టి కింద నేల పొడిగా ఉంది. రాత్రి నుంచీ ఈ గుడిసెలోకి మూడో మనిషి రాలేదు. తను తాగలేదు. అది మాత్రం తనకు తెలుసు.

కిక్కిస మలుపు దగ్గర దోనె ముక్కు కనబడింది. పెద్దింటమ్మ రావలసిన వేళకు ముందే వచ్చేస్తోంది. గెడ వడివడిగా వేస్తోంది. ఆమె కళ్ళు బిడ్డ మీద లేవు, అతని మీద లేవు. వెలుగులోకి ఎత్తిన సీసా మీద ఉన్నాయి.